బాలమల్లు అంగి

రావల్కోల్‌లో పొద్దున్నే బట్టలు ఆరేసే ఆడవాళ్లు సత్తయ్య ఇంటి తీగవైపు ఓ చూపు వేస్తారు. ఆయన అంగి ఏళ్ల తరబడి అక్కడ కారుతూనే ఉంది. ఎప్పుడో మేకపిల్ల తగవులో గుడి ముందు తడిబట్టలతో అబద్ధపు ప్రమాణం చేశాడు పాపం. అలా అబద్ధమాడితే బట్ట ఆరదు. ఆ ఊళ్లో అది ఎండావానలంత మామూలు సంగతి. సత్తయ్య భార్య గట్టి మనిషి, సిగ్గుపడుతూ కూర్చోలేదు, ఆ చుక్కల కింద పుదీనా వేసింది. ఊరందరి పచ్చళ్లకూ పుదీనా ఆ ఇంటినుంచే.

మేడ్చల్ చుట్టూ భూముల ధరలు కొండెక్కిన వేసవిలో సాలమ్మకు అలాంటి తడిబట్టల ప్రమాణంతో పనిపడింది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నప్పుడు ఆమె భర్త ఎల్లయ్యకు వానమీదే ఆధారపడే మెట్టచేను, రాళ్ల చెలక వచ్చింది. అప్పట్లో దాని ముఖం చూసినవాడు లేడు. ఎల్లయ్య పోయాక, ధర పెరిగాక, బావ నరసింహ "దున్నుకోమన్న గని, ఇచ్చేసిన్నా?" అంటున్నాడు. చెలక పోతే సాలమ్మకు కూలే గతి. పంపకం చూసినవాళ్లలో ఎల్లయ్య స్నేహితుడు బాలమల్లు ఒక్కడే మిగిలాడు. తీరా చూస్తే ఊరు మొత్తంలో దేవుణ్ని నమ్మనివాడూ ఆయనొక్కడే.

నమ్మడన్న మాటేగాని మనిషి బంగారం. ఎవరింట్లో చావొచ్చినా ముందు పాడె పట్టేది ఆయనే. సాలమ్మకు మాత్రం అన్నిటికీ గుళ్లో ఎల్లమ్మే దిక్కు, పప్పు ఉడకకపోయినా ఆమెతోనే చెప్పుకుంటుంది. అలాంటి తనను ఈ మనిషి చేతిలో ఎందుకు పెట్టిందా తల్లి అని ఆమెకు ఒకటే వింతగా ఉంది.

గుడి ముందు జనం చేరారు.

"ఎల్లమ్మ సాక్షిగ అని మొదలువెట్టు," అన్నాడు నరసింహ.

"గట్లంటే గదే అబద్ధమైతది నర్సన్నా. నా అంగి ఆరదు," అన్నాడు బాలమల్లు.

"అనకుంటే నీ మాట చెల్లదు."

సాలమ్మకు అర్థమైంది. అన్నా చెలక పోతుంది, అనకపోయినా పోతుంది. ఊరి పెద్ద రామయ్య గడ్డం గోక్కుని, "నువ్వు నిజమనుకున్నదే చెప్పురా. ఇగ అంగే జూస్కుంటది," అన్నాడు.

బాలమల్లు బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాడు. "ఎల్లమ్మ లేదు. రాళ్ల చెలక సాలమ్మదే," అన్నాడు ఒక్క ఊపిరిలో. అంగి విప్పి తాడుమీద వేశాడు.

అప్పుడుగాని జనానికి వెలగలేదు. అది ఆరితే రెండు మాటలూ నిజమే.

నరసింహ నవ్వాడు. తల్లి ఊరుకుంటుందా అని ధీమాగా అరుగుమీద కూర్చున్నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆరాలి అనుకుంది సాలమ్మ. అనుకోగానే చెంపలేసుకుంది. పోనీ ఆరకూడదు అనుకుందామంటే చెలక కళ్లముందు మెదిలింది. ఏమని మొక్కుకోవాలో పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు తెలియలేదు.

కాసేపటికి చుక్కలు ఆగాయి. కాలరు తెల్లబడింది. నరసింహ అరుగు అంచుకు జరిగాడు. చెలక మీద ఆశ ఉందిగాని, ఏటా బోనాలకు ముందుండి నడిచే మనిషి ఆయన. గాలికి అంగి చేతులు రెపరెపలాడేసరికి ఇక కూర్చోలేక లేచాడు.

"సాలమ్మా, చెలక నీదే! పదిమందిల చెప్తున్న. గా అంగి మొత్తం ఆరకముందే జల్దీ తీసెయ్యిండ్రి!"

జనం హమ్మయ్య అనుకుని, తాడువైపు చూడకుండానే ఇళ్లకు మళ్లారు. ముట్టుకోవడానికి ఎవరూ రాకపోతే సాలమ్మే తీసింది.

"ఆరిందా వదినె?" అన్నాడు బాలమల్లు.

ఆమె అంగిని ఆయన చేతికిచ్చింది. ఆయన కుట్లు, మడతలు, జేబు అడుగు కూడా తడిమి చూశాడు. పెళపెళలాడుతోంది.

"గింత పొడిగ ఆరుతదనుకోలే," అన్నాడు చివరికి. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

పొద్దు గుంకే వేళకు సాలమ్మ ఇల్లు చేరి ఎల్లమ్మ పటం ముందు కూలబడింది. చెలక దక్కింది. అయినా ఏడుపు ఆగలేదు. ఇల్లు మసకబడేదాకా అలాగే కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించింది.

"నువ్వు లేవంట గద తల్లీ," అంది పటంతో. "అయినా ఒక్కదానివి, చీకట్ల ఎట్లుంటవ్."