డ్రిల్లుకి సెలవు

కొబ్బరాకు దొన్నెల్లో పూలు, మెతుకులు సర్ది సుకెర్తి ఇల్లంతా తిరిగి నైవేద్యం పెట్టింది. గడపలో ఒకటి, స్కూటరు మీద ఒకటి, ఆఖరిది డ్రిల్లు ముందు. ఇవాళ బాలి దీవిలో ఇనుప సామానుకి పండుగ. కత్తి, సుత్తి, డ్రిల్లు, దేన్నీ పనిలో పెట్టకూడదు. మొగుడు రెంత, డ్రిల్లుకి తెల్లగుడ్డ చుట్టి, నీళ్లు చిలకరించి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు చాప మీద పెట్టాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆ చేతులు తనని అంత మెత్తగా ముట్టుకున్న గుర్తు ఆమెకు లేదు.

"సాయంత్రం హోటలు యజమాని గునాది గారొస్తారు. ఆలోపు ఆయన చేయించుకుంటున్న చేపల తొట్టెలో రాళ్లు నిలబడాలి," అన్నాడు.

"కన్నాలెయ్యకుండా ఎలా నిలబడతాయి? లోపల కడ్డీ దిగకపోతే పైరాయి ఆగదు. రేపు రమ్మనండి."

"బంక పెట్టి అతికించు. సెలవు డ్రిల్లుకి. నీకేం రోగం?"

"అంత బరువు బంక మొయ్య..."

చెంప పేలిపోయింది. తల వెళ్లి తొట్టె అంచుకి కొట్టుకుంది. నోరంతా ఉప్పన. నెత్తురో, తొట్టెలోని సముద్రపు నీళ్లో తెలియలేదు.

"పండగపూట వాణ్ని రెచ్చగొడతావేమే? చెప్పింది చెయ్యరాదూ!" వసారాలోంచి అత్త అరిచింది.

సుకెర్తి రాయి ఎత్తుకుంది. ఏళ్లతరబడి సముద్రంలో పురుగూ పాచీ పట్టిన, ప్రాణమున్న రాయి. తడి ఆరితే చచ్చిపోతుంది. అందుకే మిగతా రోజుల్లో తడిగుడ్డ కప్పి ఆమె ఒళ్లో పట్టుకుంటే, అతను పైనుంచి డ్రిల్లు దించేవాడు. బర్రుమని డ్రిల్లు మొన, ఆ బిట్టు, దిగుతుంటే కన్నంలోంచి పాలలాంటి బురద కారేది, తెగిన పురుగులు మెలికలు తిరుగుతూ ఆమె ఒళ్లో పడేవి. నిరుడు బిట్టు జారి ఆమె అరచేతిలో దిగింది. "రాయి పగిలిందా?" అన్నాడు. అదే మొదటి మాట. కట్టు కట్టుకుని ఆ పూటే మళ్లీ రాయి పట్టింది. పెళ్లయిన కొత్తలో అత్త ఇరుగుపొరుగుతో, "మావాడికి మంచి పనిముట్టు దొరికిందమ్మా," అంటే అందరితోపాటు తనూ నవ్వింది. సిగ్గులేని నవ్వు. ఏడు నెలలకోసారి డ్రిల్లుకైనా దణ్ణం పెడతారు. తనకి?

సాయంత్రానికి రాళ్లు ఒకదాని మీదొకటి నిలబడ్డాయి. బంక మీద.

"అంతా నా చేతిపనే గునాది గారూ! మా ఆవిడ తువాళ్లు అందిస్తుంది, అంతే."

"గట్టిగా ఉంటుందా?"

"ఏనుగెక్కినా కదలదు. చూడండి!" రెంత మోచేతి దాకా చెయ్యి దించి పైరాయి పట్టి ఊపాడు.

బంక ఊడింది. రాయి దొర్లి అతని మణికట్టుని తొట్టె అద్దానికేసి నొక్కేసింది. పటపటమని ఏదో విరిగింది. అద్దం బీట వారి, ఎర్రటి నీళ్లు గదిలోకి ఎగజిమ్మాయి. గునాది గారు బూట్లు తడుస్తాయని వెనక్కి గెంతారు.

"సుకెర్తీ! రాయెత్తవే! పట్టుకోవే!" రెంత పంది అరిచినట్టు అరిచాడు.

ఆమె కదిలింది. తొట్టె వైపు కాదు. చాప దగ్గరికెళ్లి, దొన్నెలోని మెతుకులు రెండు తీసి తన నుదుట అద్దుకుంది. డ్రిల్లు పక్కన కూర్చుని, మచ్చపడిన అరచెయ్యి పైకి పెట్టి, చేతులు ఒళ్లో వేసుకుంది.

"ఇవాళ పనిముట్లకి సెలవు కదండీ," అంది.