వీపు మీది పెద్దమనిషి

లారీ దాటిపోయిన గాలికి సైకిలు ఊగింది. దేవ్లా కాలు ఆన్చి నిలబడి, చేతులకు కట్టుకున్న పాలిథిన్ కవర్లు ఊడదీసి, వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు. మూడు రోజులుగా ముసురు. డిసెంబరు చలికి వాన కూడా తోడైతే అడవి రోడ్డు మీద సైకిలు తొక్కే మనిషి అవస్థ చెప్పనక్కర్లేదు. తండా నుంచి జామాయిల్ తోటకు పద్నాలుగు కిలోమీటర్లు. ఇంకా ఐదు మిగిలాయి.

ఒకప్పుడు తండా నుంచి పదిమంది ఒకే వరసలో సైకిళ్ల మీద కూలికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కొందరు బండ్లు కొనుక్కున్నారు, మిగిలినవాళ్లు సొంత పత్తిచేలల్లో పడ్డారు. సైకిలు మీద మిగిలింది దేవ్లా ఒక్కడే. మిట్ట ఎక్కేటప్పుడు సైకిలుతోనే మాట్లాడేవాడు. యాభై ఆరేళ్ల మనిషి, ఆ దారిలో ఇంకెవరితో మాట్లాడతాడు?

ఇంటికి పోయినా అంతే. భార్య గోరి పోయి మూడేళ్లయింది. పొయ్యి రాజేసేవాళ్లు లేరు, దాని పక్కన తడిబట్ట ఆరేసేవాళ్లూ లేరు. సాయంత్రం తడిసిన చొక్కా తెల్లారి కూడా తడిగానే ఒంటి మీదికి ఎక్కేది. పోయిన చలికాలం అలా తడిసి తడిసి ఛాతీలో నిమ్ము చేరింది. పన్నెండు రోజులు దవాఖానాలో పడుకున్నాడు. "మళ్లీ తడిసినవంటే మాత్రం నా దగ్గరికి రాకు" అని డాక్టరమ్మ కసిరింది. ఆ కోపంలో దయ ఉందని దేవ్లాకు తెలుసు. కాని తడవకుండా ఉండే ఉపాయమేదీ ఆమె చీటీ మీద రాయలేదు. అంగట్లో రెయిన్‌కోటు ఏడు వందలు. అతని రోజు కూలి ఐదు వందలు.

ఈ ఏడు ఆ ఉపాయం కాల్వలో దొరికింది. కూలీలను పెట్టి జామాయిల్ కొట్టించే కాంట్రాక్టరు వీరన్న పుట్టినరోజుకు రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కట్టారు. 'పేదల పెన్నిధి' అని ఒక్కో అక్షరం జానెడు. గాలికి ఒకటి తెగి కాల్వలో పడి వారం రోజులు అక్కడే నానింది. ఎవరూ తీయలేదు. దేవ్లా తీశాడు, కడిగాడు, బూర్గంపాడులో బడిపిల్లల బట్టలు కుట్టే తాహెరా దగ్గరికి పట్టుకుపోయాడు.

"అన్నా, సారు మొహం లోపలికి పెట్టాల్నా, బయటికా?" అని అడిగింది తాహెరా.

దేవ్లా చాలాసేపు ఆలోచించాడు. "బయటికే పెట్టు చెల్లె. లోపలికి పెడితే నా చెమట అంటుతది. పెద్దమనిషి గదా."

"అవ్, మధ్యల కోస్తే మొహం ఖరాబైతది. వీపు మీద గిట్ల నిండుగ పెడ్త" అంది తాహెరా. మెడ దగ్గర గుండీలు కూడా కుట్టి ముప్పై రూపాయలు తీసుకుంది.

కోటు బ్రహ్మాండంగా పనిచేసింది. చొక్కా లోపల పాత పేపరు పరుచుకుని పైన కోటు తొడుక్కుంటే చలిగాలి ఛాతీని తాకలేదు. ఆ దారిలో వీపు మీద ఒకరున్నారన్న ధైర్యం కూడా కలిగిందంటే నవ్వకండి. ఒంటరివాడికి అదీ తోడే. అయితే ఆ సైకిలుకు వెనక మడ్‌గార్డు లేదు. చక్రం ఎగజిమ్మిన ఎర్రబురద నడుము దగ్గర మొదలై, వీరన్న గడ్డం మీదుగా, ముక్కు మీదుగా, నొసటి దాకా చారలా పాకింది. ఎవరి వీపు వాళ్లకు కనపడదు కదా!

తోటకు చేరేసరికి కూలీలు పరదా కింద రాజేసిన మంట చుట్టూ నిలబడి ఉన్నారు. మేస్త్రీ కోటేష్ కూడా అక్కడే ఉన్నాడు. పక్కనే కారు, గొడుగు కింద వీరన్న. దేవ్లా నమస్కారం పెట్టి, సైకిలు చెట్టుకు ఆనించడానికి అటు తిరిగాడు. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గినట్టు నటించారు.

"ఏందిరా అది?" అన్నాడు వీరన్న. దేవ్లాకు కొడుకంటూ ఉంటే అతని వయసే ఉండేది.

"కోటు సారు. మీ ఫ్లెక్సీనే. కాల్వల పడుంటె..."

"నా మొహానికి బురద పూసుకొని ఊరంత తిప్పుతున్నవా? ఇప్పు. కడిగి మళ్ల స్తంభానికి కట్టు."

దేవ్లాకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాడు. "తెల్వక అయింది సారు" అంటూ చేయి గుండీ దగ్గరికి తీసుకుపోయాడు. వాన జోరందుకుంది.

కోటేష్‌కు జాలేసింది. "సారు, వాన పడ్తంది. పోయినేడు దవాఖానల పడ్డ మనిషి. తిరగేసి తొడుక్కుంటడు తియ్యుండ్రి, మొహం లోపలికి పోతది."

"వీని ఒంటికి నా మొహం రాసుకుంటడా? ఛీ! ఇప్పుమను."

ఆ మాట దేవ్లాకు కొత్త కాదు. తాహెరా కుట్టుమిషను దగ్గర తన నోటితో తనే అన్నాడు. తన చెమటంటే తనకే అంత రోత ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో అతనికి గుర్తులేదు. ఇరవై ఏళ్లుగా ఈ మనిషి మొద్దుల మీద, ఈ మనిషి తండ్రి మొద్దుల మీద కారిన చెమట అది. అదే మాట అవతలి నోట వినేసరికి ఒళ్లు మండింది. తన మీద తనకూ మండింది.

గుండీ మీది చేయి కిందికి దిగింది.

"ఇప్పను సారు."

"ఏమన్నవ్?"

"వాన పడ్తంది. ఇప్పను."

"అయితే నీకు పని లేదు. పో!"

దేవ్లా మంట చుట్టూ చూశాడు. చిన్నక్క పుల్లతో నిప్పు కెలుకుతోంది. లాల్‌సింగ్ గొడ్డలి అంచు చూసుకుంటున్నాడు. కోటేష్ కూడా ఈసారి తల ఎత్తలేదు. వాళ్లను మాత్రం ఏమనగలం? రేపు వాళ్లకూ ఇక్కడ పని కావాలి. ఒక్కరైనా ఒక్క మాట అంటే ఎంత బాగుండేదో అని దేవ్లాకు అనిపించింది.

సైకిలు తీసుకుని రోడ్డెక్కాడు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. కొంత దూరం పోయాక దారి రెండుగా చీలేచోట ఆగాడు. ఒకటి తండాకు పోతుంది, అక్కడ ఎదురుచూసేవాళ్లు లేరు. రెండోది కాగితం మిల్లున్న సారపాకకు పోతుంది, అక్కడ పని దొరకొచ్చు గాని తెలిసినవాళ్లు లేరు. వాన కోటు మీద దబదబ కొడుతోంది. మెడ దగ్గర నుంచి చేయి లోపలికి పోనిచ్చి చొక్కా తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉంది. ఎటు పోవాలో తేలక, ఆ చేయి అలాగే ఛాతీ మీద ఉంచుకుని వానలో నిలబడ్డాడు.