మందు కొట్టని నాలుగు సాళ్లు

ఏన్కూరు అవతల, అడవి అంచున ఉన్న తండాలో మోతీ చేసిన నేరమల్లా అడిగిన మాటకు జవాబు చెప్పడమే. కిందటేడు పై దేశం నుంచి ఒక పత్రికావిడ వచ్చింది. మిరపతోట చివర విడిగా ఉన్న నాలుగు సాళ్లు చూపించి, అవేమిటని వెంట వచ్చిన మనిషి చేత అడిగించింది. అవి ఇంటి తిండికి, వాటికి పురుగుమందు కొట్టం, అమ్మేవాటికే కొడతామని మోతీ దాపరికం లేకుండా చెప్పింది. ఆ చుట్టుపక్కల ప్రతి రైతూ చేసే పనే అది. చెప్పి, చాయ్ కూడా పోసి పంపింది.

తాము తినని కాయ మనకు అమ్ముతున్నారని అక్కడి పత్రికలో పడింది. ఒక్క తండాది కాదు, ఈ వైపు మిరప పేరే పోయింది. బయటి దేశాలవాళ్లు కొనడం మానేశారు. పోయినేటి కాయ కోల్డ్ స్టోరేజీలో మూలుగుతోంది. నిజమాడితే నిష్ఠూరమంటారు గానీ, మోతీకి నిష్ఠూరంతో పోలేదు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు జరుపుకునేవారు.

పోయిన పేరు తిరిగి తెచ్చే పని ఎగుమతి వ్యాపారి జయప్రకాశ్ నెత్తికెత్తుకున్నాడు. వీడియో తీసి ఆ దేశాలకు పంపుతాడట. నోరు మంచిదైతే ఊరు మంచిదని తండా పెద్ద దేవ్లాకు నచ్చజెప్పాడు. ముందుగా, ఈ ఏడూ విడిగా వేసిన ఆ నాలుగు సాళ్లూ పీకించాడు. పత్రికావిడతో ఆ మాట అన్న మోతీయే అమ్మకపు తోటలో కాయ తెంపి, కెమెరా ముందు జొన్నరొట్టెలో నంజుకు తినాలన్నాడు. నిన్ననే మందు కొట్టిన తోట అది.

మోతీ ఒప్పుకుంది. తనకేమైతే ఏమి? ఆ సాళ్లు వేసింది తన కోసం కాదు. కోడలు రూప్లికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మందే కారణమని మోతీ నమ్మకం. ఇప్పుడు రూప్లికి మళ్లీ ఆరో నెల.

మోతీ తింది. కారానికి కళ్ల నీళ్లు కారాయి. ఏడుస్తున్నట్టుంది, పనికిరాదన్నాడు కెమెరా మనిషి. జయప్రకాశ్ చూపు గట్టు మీద నిలబడ్డ రూప్లి కడుపు మీద పడింది. కడుపుతో ఉన్న మనిషే తింటే ఇక నోరెత్తేవాడెవడు! మహానుభావుడు తన తెలివికి తానే ముచ్చటపడ్డాడు.

రూప్లి అత్త వంక చూసింది. తండా అంతా మోతీ వంకే చూసింది. వద్దనాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే మళ్లీ మొదటికే వస్తుంది.

దేవ్లా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"ఒక్క కాయనే గద వదినా. నీ మాటకే అందరం గిట్లయినం."

"తిను బిడ్డా," అంది మోతీ.

రూప్లి తింది. చెప్పినట్టే నవ్వింది కూడా. ముఖం బాగా వచ్చిందనీ, ఎండే అడ్డం పడిందనీ, ఇంకొక్కసారి తినాలనీ జయప్రకాశ్ అన్నాడు.

మోతీ వంగి, చెట్టంతా వెదికి, అన్నిటికన్నా చిన్న కాయ తెంపింది. కొంగుతో తుడిచి తుడిచి కోడలి చేతిలో పెట్టింది.