గడ్డం మీద నిలవని నురుగు

నురుగు నిలవలేదు, అంతే, నేను చూసింది అదొక్కటే, డాక్టరమ్మ అడిగితే అదే చెప్పాను, ముప్పై ఎనిమిదేళ్లుగా కార్వేటినగరంలో గడ్డాలు గీస్తున్నాను, ఎవరి చెంప మీద నురుగు ఎంతసేపు నిలుస్తుందో నా వేళ్లకు తెలుసు, గంగాధరం చెంప మీద జారిపోయింది, తుడిచి మళ్లీ పూశాను, మళ్లీ జారింది, చెవి వెనక తడిసిన చెనక్కాయ పిండి వాసన, ఆ వాసన నాకు తెలుసు, నాగులమ్మ దిండుకు ఉండేది, నా పెళ్లాం దిండుకు, ఇక్కడ తిరుపతి ఆస్పత్రి వరండాలో అంతా ఫినాయిలు వాసనే, లోపల వాణ్ణి నడిపిస్తున్నారు, గాజు తలుపులోంచి కనిపిస్తున్నాడు, కుడి చెయ్యి ఊగుతోంది, ఎడమ చెయ్యి ఒంటికి కుట్టేసినట్టు ఉంది, వాడు నా బావమరిది, నాగులమ్మ తమ్ముడు, ఆరేళ్లుగా మా మధ్య మాటల్లేవు.

మాటల్లేకపోయినా ఆదివారం ఆదివారం గడ్డానికి వచ్చేవాడు, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకునేవాడు, గొంతు మీద కత్తి పెట్టించుకుంటాడు గానీ పలకరించడు, నేనూ అంతే, గీసి తుడిచి పటిక రుద్ది పంపేవాణ్ణి, నిన్న ఆదివారం మాత్రం నోరు ఆగలేదు, నూనె పూసుకోనొచ్చినావా అనేశాను, వాడు కళ్లు తెరిచాడు, అబ్బో, బావకి మాటొచ్చిందే, నేను నూనె పూసుకోలేదు బావా, మా అక్క కూడా పూసుకోలేదనే చెప్పింది, నమ్మినావా?

నమ్మలేదు, ఊళ్లో అందరి తలలూ నాకు తెలుసు, నా ఇంటి తల నాకు తెలియదా అనుకున్నాను, ఆమె నుదురు మెరుస్తుంటే ఇంత నూనె ఎందుకు పోసుకుంటావే అని తిట్టాను, పోసుకుని వారమయిందయ్యా అంటే అబద్ధాలు చెబుతావా అన్నాను, సీసా ఎత్తి అటక మీద పెట్టాను, సీకాయ పొడి తెచ్చి నేనే రుద్దాను, సాయంత్రానికి మళ్లీ జిడ్డు, దొంగతనంగా పూసుకుంటోంది అనుకున్నాను, మొహంలో నవ్వు పోతే అలిగింది అనుకున్నాను, కాళ్లు ఈడిస్తే మొండితనం అనుకున్నాను, ఈ గంగాధరం వచ్చి మా అక్కకు గాలి సోకిందని సత్యవేడు తీసుకుపోయి మూడు నెలలు పసరు తాగించాడు, చివరికి బట్టలుతికే రాయి దగ్గర పడి తుంటి విరిగితే ఆస్పత్రికి తెచ్చాం, పార్కిన్సన్స్, వణుకుడు జబ్బు అన్నారు, ఈమెకు వణుకు లేదు కాబట్టి మీకు తెలియలేదు అన్నారు, ఇరవై రోజులకు పోయింది, పదకొండో రోజు పంక్తిలో వాడు నన్ను నూనె అని ఎత్తిపొడిచాడు, నేను వాణ్ణి పసరు అని ఎత్తిపొడిచాను, ఇద్దరమూ నిజమే చెప్పుకున్నాం.

అందుకే నిన్న సగం గీసిన గడ్డంతో వాణ్ణి అట్లాగే కూర్చోబెట్టాను, ఎడం చేత్తో సొక్కా గుండీ పెట్టు సూస్తాం అన్నాను, ఏం బావా, పెండ్లిసూపులా అని నవ్వుతూ మొదలుపెట్టాడు, గుండీ కాజాలోకి పోలేదు, ఇంకోసారి చూశాడు, పోలేదు, నవ్వు ఆగింది, మిగతా సగం గీసి, రేపు పొద్దున్నే తిరుపతి బస్సెక్కుదాం అన్నాను.

డాక్టరమ్మ బయటికి వచ్చింది, ప్రసన్నకుమారి అని తలుపు మీద రాసి ఉంది, అదే జబ్బు, మొదట్లోనే ఉంది, పూర్తిగా పోదు కానీ మాత్రలతో చాలా ఏళ్లు బాగా తిరగొచ్చు అంది, నూనె సంగతి నిజమేనా అమ్మా అని అడిగాను, నిజమే, ఈ జబ్బులో చర్మంలో ఊరే జిడ్డు మారుతుంది, కొందరికి వణుకు కంటే ముందే మారుతుంది, వీపు మీద దూదితో తుడిచి ఆ జిడ్డులో జబ్బును పట్టుకునే పరీక్ష కోసం పరిశోధనలు చేస్తున్నారు, మన దగ్గరికి ఇంకా రాలేదు, ఒక్క జిడ్డు చూసి ఎవరూ చెప్పలేరు, నేను నడక చూసి, చేతులు చూసి చెప్పాను, మీరు అనుమానపడి తీసుకొచ్చారు, మంచి పని చేశారు అంది, నాకు లోపల చల్లగా అయింది, ఒకడికి జబ్బుందని చెబితే నాకు చల్లబడటం ఏమిటి, అయినా చల్లగానే ఉంది, దాచను, నాగులమ్మ నాతో ఎన్నడూ అబద్ధం ఆడలేదు, అది ఒక డాక్టరు నోట విన్నాను.

గంగాధరం వచ్చాడు, బొటనేలికి వేలు తట్టు, తట్టు అనె బావా ఆయమ్మ, భజనలో తాళమేసేవాడి మాదిరి అయిపోయినా అన్నాడు, తర్వాత గొంతు తగ్గించి, నేనూ అక్క మాదిరి అయిపోతానా అన్నాడు, నేనుండా కదా అనబోయి మింగేశాను, మాత్రలేసుకుంటే కావు అన్నాను, ఇంక మాట్లాడతావా, మళ్లా ఆరేండ్లా అన్నాడు, మాత్ర మరిచిపోయిన పొద్దు మాట్లాడతా, తిట్టేదానికి అన్నాను, అయితే దినమూ మరిచిపోతాలే అన్నాడు, పెదవి ఒకవైపే నవ్వింది.

మెట్లు దిగుతున్నాం, వాడి అడుగు చిన్నది, నా అడుగూ తగ్గించాను, పసరు సంగతి నేను మరిచిపోలేదు, వాడు నూనె సంగతి మరిచిపోడు, మాట్లాడితే క్షమించాల్సి వస్తుందనే కదా ఆరేళ్లు నోరు కట్టుకున్నాను, ఇప్పుడు మాట్లాడాను, క్షమించలేదు, రేపూ క్షమించను, కోపం ఎక్కడిదక్కడే ఉంది, అయినా వాడు పడిపోయే వైపు, ఎడమవైపు నడుస్తున్నాను, క్షమించకుండా కూడా మనిషిని పట్టుకోవచ్చు.