పామర్రుకి రెండు సైకిళ్లు

లాజరు ఇరవై తొమ్మిదేళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. విజయవాడ నుంచి పామర్రు మీదుగా గుడివాడ, మళ్లీ వెనక్కి. రిటైరై మూడేళ్లయినా ఆ సంగతి ఆయన ఒంటికి ఎవరూ చెప్పలేదు. ఐదింటికల్లా మెలకువ వచ్చేసేది. డ్యూటీ లేదు గనక కాళ్లు నేరుగా పుల్లయ్య టీ బండి దగ్గరికి తీసుకెళ్లేవి. అక్కడ రెండు ప్లేట్ల పునుగులు, మూడు టీలు, నలుగురు రిటైరైన మనుషులు, ఒక ప్రభుత్వం. ఆ ప్రభుత్వాన్ని తొమ్మిదింటి దాకా తిట్టి, అలిసిపోయి, ఇంటికొచ్చి పడుకునేవాడు.

ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకి కొండెక్కి, "తల్లీ, ఈ ఏడు పునుగులు మానేస్తాను" అని మొక్కుకునేవాడు. దిగేటప్పుడే ఏదో ఒక బండి కనపడేది. ఈ వరస మాతకి కూడా అలవాటైపోయిందని ఆయన నమ్మకం.

జూన్‌లో ఒకరోజు కళ్లు మసకలు కమ్మాయి. డాక్టర్ సుస్మిత రిపోర్టు చూసింది. షుగరు మూడొందల నలభై.

"వ్యాయామం ఏమైనా చేస్తారా, లాజరు గారూ?"

"ఏం మాటండీ మేడమ్! విజయవాడ నుంచి పామర్రుకి ఎన్ని వేలసార్లు వెళ్లొచ్చానో!"

"వెళ్లొచ్చింది బస్సు. మీరు కూర్చున్నారు."

పక్కనున్న భార్య అమలమ్మ కిసుక్కున నవ్వింది. ముప్పయ్యారేళ్ల కాపురంలో అంత మంచి మాట తనకెందుకు తట్టలేదా అని ఆవిడ బాధ.

లాజరుకి రోషం పొడుచుకొచ్చింది. ఆసుపత్రి మెట్లు దిగుతూనే, "డిసెంబర్లో మీ తమ్ముడి కొత్తింటి ప్రార్థనకి పామర్రు సైకిలు మీదే వస్తాను, చూస్తూ ఉండు" అన్నాడు. అమలమ్మ మెట్ల మీద కూలబడి మరీ నవ్వింది. బెంజి సర్కిల్లో యాభైమందితో నిండిన బస్సుని ఒంటిచేత్తో తిప్పేసిన మనిషికి సైకిలు తొక్కడం రాదు మరి. తొమ్మిదో ఏట నేర్చుకోబోయి పంటకాలవలో పడ్డాడు. అప్పట్నుంచి రెండు చక్రాల మీద ఆయనకి నమ్మకం పోయింది.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు వినీల వెంటనే ఒక వీడియో పంపింది. అందులో కోటేసుకున్న ఒకాయన, ఏ పనైనా ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందనీ, పొద్దున్నే అద్దంలో చూసుకుంటూ "నేను విజేతని" అనుకోవాలనీ చెప్పాడు. లాజరు సిగ్గుపడుతూనే అద్దం ముందు నిలబడి ఆ మాట అన్నాడు.

"విజేత గారూ, కాస్త పక్కకి జరగండి, తల దువ్వుకోవాలి" అంది అమలమ్మ.

పది రోజులు గడిచాయి. పదిరోజులూ టీ బండికి వెళ్లకూడదని ఒట్టేసుకుని బయల్దేరడం, తెలివి తెచ్చుకుని చూసుకుంటే చేతిలో గ్లాసు ఉండటం! పదకొండో రోజు తలపట్టుకుని కూర్చున్నాడు.

అమలమ్మకి జాలేసింది. "మీ తప్పు కాదండీ. వీధి చివర ఎడమకి తిరిగారంటే మీరింక మనిషి కాదు, రూటు బస్సు. స్టాపొస్తే ఆగాల్సిందే. రేపు కుడికి తిరగండి."

కుడికి తిరిగితే ఏలూరు కాలవ గట్టు. అక్కడ టీ లేదు, ప్రభుత్వం లేదు, దోమలున్నాయి. పాత సైకిలొకటి కొన్నాడు గానీ, నేర్పేదెవరన్నది తేలలేదు.

"నేను నేర్పుతా" అంది అమలమ్మ.

"నీకేం తెలుసు?"

"పామర్రులో హైస్కూలుకి మూడేళ్లు సైకిలు మీదే వెళ్లాను."

లాజరు నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్లలో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ పొద్దున కాసేపు ఆయన సైకిలు సంగతే మర్చిపోయాడు.

నేర్చుకోవడం చూడముచ్చటగా ఏం జరగలేదు. బ్రేకు కోసం కుడికాలు నేలకేసి తొక్కేవాడు. లేని అద్దంలోకి చూసి వెనకొచ్చేవాళ్లని తిట్టేవాడు. ఒకరోజు గుడికి పోతున్న శౌరమ్మ గారి మీదికి నేరుగా వెళ్లి, ఆవిడ జపమాల హ్యాండిల్‌కి చుట్టుకున్నాక గానీ ఆగలేదు. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తి పరిగెత్తి అమలమ్మ నడుము సన్నబడింది. ఆయనది మాత్రం తగ్గలేదు.

ఆగస్టులో పుల్లయ్యే గట్టు మీదికొచ్చాడు, ఫ్లాస్కుతో, పొట్లంతో. "ఏంటి అన్నగారూ, మీరు లేక తిట్టేవాళ్లే కరువయ్యారు. జనం టీ తాగి లేచి పోతున్నారు." లాజరు చక్కెర లేని టీ తాగాడు. పునుగులు రెండే తిని, మిగతావి కుక్కకి పెట్టాడు. నిరుడైతే కుక్కకి కాగితం కూడా మిగిలేది కాదు.

సెప్టెంబరుకి ఆటోనగర్ దాకా వెళ్లొచ్చాడు. నవంబరుకి కంకిపాడు. షుగరు నూట అరవై ఐదుకి దిగింది. డాక్టర్ రిపోర్టుని రెండుసార్లు తిప్పి చూసి, పేరు సరిచూసుకుంది.

డిసెంబర్లో ఆ రోజు రానే వచ్చింది. లాజరు గేటు దాటేసరికి అమలమ్మ ఒక లేడీస్ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, బుట్టలో మంచినీళ్ల సీసాలు సర్దింది. "మీరు బస్సుకి రమ్మన్నారు. నాకు బుద్ధి పుట్టలేదు" అని ఎక్కేసింది.

కంకిపాడు దాకా పక్కపక్కనే వెళ్లారు. తర్వాత ఆవిడ ముందుకెళ్లి ఆగేది, ఈయన చేరగానే మళ్లీ కదిలేది. ఉయ్యూరులో "ప్రార్థనకి ఒకరమైనా అందాలి" అని ఆవిడ ఆగకుండా సాగిపోయింది. ఊరు దాటాక లాజరు పిక్కలు పట్టేశాయి. సైకిలు రోడ్డు పక్కన పడేసి కూర్చున్నాడు. అంతలో బస్సొకటి ఆగింది. డ్రైవరు జాన్ పాల్, ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"అన్నా! ఎక్కు, సైకిలు పైనేసి కడదాం. ఎవరికీ చెప్పన్లే."

లాజరు ముందుకి చూశాడు. దూరంగా, కోసిన వరి చేల మధ్య రోడ్డు మీద అమలమ్మ చీర కొంగు చుక్కలా కనపడుతోంది. బస్సెక్కాలని ప్రాణం కొట్టుకుంటోంది. వారాల తరబడి తన సీటు పట్టుకుని పరిగెత్తిన మనిషి అక్కడుంది.

"నువ్వు పోరా తమ్ముడూ, టైము తప్పుతుంది" అన్నాడు. బస్సు కనుమరుగయ్యాక తనని తాను నోటికొచ్చినట్టు తిట్టుకుని, లేచి, సైకిలెక్కాడు.

పామర్రు చేరేసరికి ప్రార్థన అయిపోయింది. ఫాదర్ గారు రెండోసారి బిర్యానీ వడ్డించుకుంటున్నారు. బావమరిది యేసుకుమార్ ఎదురొచ్చి, "బావగారూ, అక్కొచ్చి గంటైంది!" అన్నాడు అందరికీ వినపడేలా. అందరూ నవ్వారు.

"అవును మరి. నాకు నేర్పింది ఆవిడే" అన్నాడు లాజరు. ఈ మాటకి అమలమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, చెమటతో తడిసిన ఆయన మొహాన్ని చుట్టాలందరి ముందూ కొంగుతో తుడిచింది.

మర్నాడు పొద్దున లాజరు మంచం మీద కూర్చోలేకపోయాడు. సీటు తగిలిన చోట తాకితే చాలు, ప్రాణం పోతోంది. సైకిలు అక్కడే వదిలేసి, యేసుకుమార్ కారులో ఒక పక్కకి ఒరిగి కూర్చుని బయల్దేరాడు. అమలమ్మ అప్పటికే తన సైకిలెక్కి వెళ్లిపోయింది. కంకిపాడు దగ్గర కనపడింది, గడ్డి ట్రాక్టరు వెనకాల, దారిమ్మని బెల్లు కొడుతూ. లాజరు అద్దం దించి "అమలా!" అని కేక పెట్టాడు. ఆవిడ వినలేదు. ట్రాక్టరు పక్కకి తప్పుకోగానే, లేచి నిలబడి పెడల్ తొక్కింది.