తడి ఆరేలోపు

ఆ ఇంట్లో తయారైన ప్రతి కొయ్యగిన్నెకూ రంగు ఎంచింది ఆమె. అడుగున కాల్చిన పేరు అతనిది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. వచ్చిపోయేవాళ్లకు తెలియదు, అంతే.

అతన్ని అందరూ మేస్త్రి అంటారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, లేత్ మిషన్ మీద చెట్టు బుడిపెలను తిప్పి గిన్నెలు తీస్తాడు. చెట్టుకు దెబ్బ తగిలినచోట కండ మెలితిరిగి గడ్డలా ఉబ్బుతుంది. కోస్తే లోపల సుడులు, గీతలు, మధ్యమధ్య బొరియలు. ఆ బొరియల్లో రంగు కలిపిన రెసిన్ జిగురు పోస్తారు. అది గాజులా గట్టిపడ్డాక మొత్తాన్ని మిషన్‌కి ఎక్కించి ఉలి పెడతాడు. జనం చూసేది ఆ ఉలినే. పొట్టు రిబ్బన్లలా లేస్తుంటే నోళ్లు తెరుచుకుని చూస్తారు. బొరియల్లో కుళ్లిన బెరడును కత్తిమొనతో గీకి తీసిందెవరో, రెసిన్ పడక వేళ్ల సందులు పగిలింది ఎవరికో అడగరు. "గిన్నెలు తోమే సబ్బు పడట్లేదేమో," అంటుంది అత్తగారు ఆ వేళ్లు చూసి. "సబ్బు మార్చు, అమ్మాయ్." మాటకి మాట ఎందుకని ఆమె సబ్బు మార్చింది.

పెళ్లికి ముందు ఆమె గోడరంగుల కొట్లో పనిచేసేది. రంగులు కలపడం ఆమె పని. ఎవరైనా పాత తలుపు ముక్క పట్టుకొచ్చి దీనికి సరిపోయేది కావాలంటే, కొట్టు ఓనరే "ఆ అమ్మాయిని పిలవండి" అనేవాడు. తడిలో ఒక రంగు, ఆరాక ఇంకో రంగు అని ఆమె కళ్లు అక్కడే నేర్చుకున్నాయి. పెళ్లయిన కొత్తలో అత్తగారు నవ్వుతూనే అడిగింది. "నువ్వు ఊళ్లోవాళ్ల గోడలు చూసుకుంటూ కూర్చుంటే మన పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" ఆమె కొట్టుకు వెళ్లడం మానేసింది. ఉద్యోగం పోయింది. కళ్లు పోలేదు.

ఎండిన చెక్క అబద్ధం చెబుతుంది. గడ్డిలా పాలిపోయి అమాయకంగా కనిపిస్తుంది. పాలిష్ పడగానే అసలు రంగు బయటపడుతుంది, ఒకటి తేనెలా, ఒకటి కాలిన ఇటుకలా. రెసిన్‌కి రంగు ఎంచాల్సింది ఆ బయటపడబోయే చెక్కను బట్టి. పాలిష్ వేసేదేమో చిట్టచివర. అందుకని ఆమె తనకు తానే ఒక దారి వెతుక్కుంది. బుడిపెను కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడనిచోట పెడుతుంది. గుడ్డ తడిపి, నీరు కారకుండా పిండి, కోసిన ముఖం మీద ఒక్కసారి లాగుతుంది. తడిసిన చెక్క పాలిష్ చేసినట్టే ఉంటుంది. అదీ కాసేపే. తడి ఆరేలోపు కాగితం కప్పుల్లో కలుపుకున్న రంగులు ఒక్కోటీ పక్కన పెట్టి చూసి తేల్చుకోవాలి. తేలాక ఆ రంగుపొడి డబ్బాను బుడిపె పక్కన ఉంచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. అతను వచ్చి ఆ డబ్బాయే తీస్తాడు. ఏనాడూ ఇదెందుకు అనలేదు. ఏనాడూ ఇంకోటి తీయలేదు. ఒకసారి ఎవరో అడిగితే, "చేతికందింది, తీశాను," అన్నాడు. గుడ్డ సంగతీ అంతే. కొత్త బుడిపె దించగానే కేకేస్తాడు. "ఇదిగో, దుమ్ము తుడిచి పెట్టు!" తాను చేసేది దుమ్ము తుడవడమేనని అతను అనుకుంటున్నాడని ఆమె నమ్మింది. ఉలి తప్ప వేరే ధ్యాస లేని మనిషి, పోనీలే అనుకుంది. ఆ పోనీలే మీదే కాపురం నడిచింది.

రంగుల కొట్టు ఎదురుగా ఒక చెట్టుండేది. దాని కాండం అడుగున కుండంత బుడిపె. ఉద్యోగం రోజుల్లో మధ్యాహ్నం దానికి వీపు ఆనించి కూర్చుని టిఫిన్ డబ్బా విప్పేది. రోజు మొత్తంలో ఎవరూ ఆమెను పిలవని సమయం అదొక్కటే. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ ఆ చెట్టు కొట్టేస్తున్నారని విని పరుగెత్తింది. కొట్టేవాళ్లను బతిమాలి, బుడిపె కోయించుకుని, తోపుడుబండి మీద ఇంటికి తెచ్చుకుంది. "ఎవరి బిడ్డనే ఎత్తుకొచ్చావ్?" అని నవ్వాడతను. అది షెడ్డు మూల ఏళ్లతరబడి ఆరింది. తడిగుడ్డ లాగినప్పుడల్లా నిప్పు రాజుకున్నట్టు ఎర్రగా లేచేది. దానికి ఆమె రంగు ఎప్పుడో ఎంచి పెట్టుకుంది. ఆకు వెనకవైపు ఉండే పాలిపోయిన పచ్చ. ఆ ఎరుపు పక్కన ఆ పచ్చ ఉంటే, ఎంతోసేపు బిగపట్టిన ఊపిరి వదిలినట్టు ఉండేది.

ఒకరోజు పెద్ద హోటల్ మేనేజరమ్మ వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే కనిపించేలా హాల్లో పెట్టడానికి పెద్ద గిన్నె కావాలంది. చేసిన గిన్నెలన్నీ తిప్పి తిప్పి చూసి, "చెక్కపని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు మేస్త్రి గారూ. ఈ రంగులు మాత్రం ఎవరి దగ్గరా లేవు. ఎలా ఎంచుతారు?" అని అడిగింది. ఆమె అప్పుడే టీ కప్పులతో షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. అతను గుమ్మం వైపు చూశాడు. చూసే చెప్పాడు. "చెక్కే చెబుతుందండీ. మనం వినాలంతే." మేనేజరమ్మ మురిసిపోయింది. కప్పు అందుకుంటూ "ఈవిడ?" అంది. "మా ఆవిడ. షెడ్డు తుడిచి శుభ్రంగా ఉంచుతుంది. అదే పెద్ద సాయం." తర్వాత మూలనున్న బుడిపె మీద చెయ్యి వేశాడు. "మీ గిన్నె దీంట్లోంచి తీస్తాను."

తన బుడిపె అది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. పరాయి మనిషి ముందు మొగుణ్ణి తప్పుపట్టకూడదని ఎవరు నేర్పారో, బాగా నేర్పారు.

అన్నాల దగ్గర అడిగింది. "ఏవండీ, ఆ బుడిపె నేను తెచ్చుకున్నది. సరే, హోటల్‌కే ఇద్దాం. అడుగున మీ పేరు పక్కన నా పేరు కూడా కాల్చండి. ఈ ఒక్కదానికి."

అతను ముద్ద దించి నవ్వాడు. "గిన్నెకి అడుగొక్కటేనే."

"రెండు పేర్లు పడతాయి. చిన్నగా కాల్చండి."

"ఏం చేశావని? తుడిచావనా?"

అత్తగారికి ముచ్చటేసింది. "వండిన మనిషి పేరు కంచం కింద రాస్తారటే? అలాగైతే నా పేరు ఎన్ని కంచాలకి ఉండాలి!" అని కొడుకుతో కలిసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ హఠాత్తుగా ఆగి మంచినీళ్లు అడిగింది. ఆ ఆగడంలో ఏముందో ఎవరూ పట్టించుకోలేదు. ఆమె లేచి నీళ్లు ముంచి ఇచ్చింది.

మర్నాడు "దుమ్ము తుడిచి పెట్టు!" అని కేక వినిపించింది. ఆమె వెళ్లింది. పొడిగుడ్డ తీసుకుని, నిజంగా దుమ్మే తుడిచింది. ఏ డబ్బా పక్కన పెట్టకుండా లోపలికి వచ్చేసింది. అతను బల్ల దగ్గర నిలబడ్డం కిటికీలోంచి కనిపించింది. బుడిపెకి అటూ ఇటూ చూశాడు. బల్ల కింద చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఒక్క మాట అడిగితే చాలు, తడి చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తేదే. అతను అడగలేదు. అలమర దాకా వెళ్లి, ఎండిన చెక్క పక్కన ఇంపుగా కనిపించిన ముదురు నీలం తీశాడు. ఆ ఎరుపులో ఈ నీలం మునిగి చస్తుందని ఆమెకు తెలుసు. రెసిన్ పోస్తుంటే చూస్తూ నిలబడింది. పోశాక ఇక వెనక్కి తీసేదేమీ ఉండదు.

గట్టిపడింది. మిషన్‌కి ఎక్కింది. పనితనంలో వంక లేదు, అంచు ఆకంత పలుచగా వచ్చింది. చివరికి పాలిష్ గుడ్డ తగలగానే చెక్క ఎర్రగా మండింది. నీలం నల్లబడి, కమిలిన చర్మంలా అయిపోయింది. అతను మిషన్ ఆపాడు. గిన్నెను వెలుతురులోకి తిప్పాడు, నీడలోకి తిప్పాడు. తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. చూపులు కలిశాయి. ఇద్దరికీ ఒకటే కనిపించిందని ఇద్దరికీ తెలిసింది. అతను గిన్నె బోర్లించి, కాలిన కమ్మీతో తన పేరు రాసుకున్నాడు.

హోటల్‌వాళ్లు వెనక్కి పంపుతారని ఆమె ఎదురుచూసింది. ఎదురుచూసినందుకు సిగ్గుపడింది. మేనేజరమ్మ గిన్నెను రెండు చేతుల్లోకి తీసుకుని, "అబ్బా, ఈ నీలం! ఎంత లోతుందో చూడండి! మీది మామూలు కన్ను కాదు మేస్త్రి గారూ," అంది. మేస్త్రి పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. ఫొటోలో పడకుండా ఆమెను కొంచెం పక్కకు జరగమన్నారు. జరిగింది.

ఇన్నేళ్లూ ఆమెకు ఒకటే ఊరట. పేరు ఎవరిదైతేనేం, నేను లేకపోతే అది గిన్నె కాదు అనుకునేది. అంట్లు తోముతూ, వేళ్లకు మందు రాసుకుంటూ, ఇంట్లోవాళ్ల నవ్వులు మింగుతూ ఆ ఒక్కమాట నాలుక కింద దాచుకుంది. ఏదో ఒకనాడు చెయ్యి తీసేస్తాను, అప్పుడు లోకానికి తెలుస్తుంది అనుకుంది. తీసేసింది. లోకానికి ఏమీ తెలియలేదు. చచ్చిన రంగునీ బతికిన రంగునీ ఒకే నోటితో మెచ్చుకున్నారు. వాళ్లు చూసింది అడుగున ఉన్న పేరునే. ఆమె కళ్లు ఇన్నాళ్లూ ఎవరి కోసం పనిచేశాయో ఆమెకు అర్థం కాలేదు. తడి ఆరేలోపు అంటూ ఊపిరి బిగబట్టి ఎంచిన రంగులన్నీ తలుచుకుంది. పచ్చలు, గోధుమరంగులు, ఒకసారి వంకాయ రంగు. ఏవి ఎంచినా ఒకటే అయ్యేది. అపకారం చేద్దామన్నా చేతకానంతగా లెక్కలోకి రాని మనిషి తను. ఆ బుడిపెను ఆ రోజు రోడ్డు మీదే వదిలేసి ఉంటే పొయ్యిలోకన్నా పోయేది.

ఒక్కరికే తేడా తెలుసు. అతనికి. ఆ ఒక్కడైనా ఒక మాట అంటాడని, ఇంకా సిగ్గులేకుండా, ఎదురుచూసింది.

అతను కొత్త బుడిపె తెచ్చాడు. షెడ్డులోంచి కేక రాలేదు. చాలాసేపటికి ఆమే వెళ్లింది. బుడిపె కిటికీ దగ్గర ఉంది, నేరుగా ఎండ పడనిచోట. పక్కన తడిపిన గుడ్డ, నీరు కారకుండా పిండి, మడత పెట్టి. కాగితం కప్పులు వరసగా ఉన్నాయి. పీట కిటికీకి ఎడమవైపు వేసి ఉంది, కూర్చున్న మనిషి చెయ్యి నీడ చెక్క మీద పడకుండా. పీట అక్కడ వేసుకుంటానని ఆమె ఎవరికీ చెప్పలేదు. తనలో తాను కూడా అనుకోలేదు. ఎన్నోసార్లు, ఎంతో శ్రద్ధగా చూసినవాడికి తప్ప అది తెలిసే వీల్లేదు.

ఆమె గుమ్మం పట్టుకుంది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏంటి?" అన్నాడు, ఉలి అంచు బొటనవేలితో చూసుకుంటూ.

"నేను తుడిచేది దుమ్ము కాదని."

అతను ఉలి తిప్పి రెండోవైపు చూసుకున్నాడు. ఆ ఉలి తిప్పడంతోనే ఆమె మనసులో వాళ్ల కాపురం మొదటి రోజుదాకా వెనక్కి వెళ్లింది. తెలియదులే పాపం అని ఆమె క్షమించిన ప్రతి రోజూ అతనికి తెలిసిన రోజే.

ఆమె తడిగుడ్డ అందుకుంది. బల్ల తుడిచింది. బల్ల కాళ్లు తుడిచింది. కిటికీ ఊచలు, అలమర తలుపులు, మిషన్ మూత తుడిచింది. గుడ్డ నల్లగా అయ్యేదాకా తుడిచి, మళ్లీ మడతపెట్టి, ఎండిన బుడిపె పక్కన ఉంచింది. బుడిపెను ముట్టుకోలేదు.

"దుమ్ము తుడిచాను," అంది. "ఇకనుంచి అదే తుడుస్తాను."

అతను మిషన్ వేశాడు. దానిమీద చెక్కేమీ లేదు. ఊరికే తిరిగింది. ఆ రొదలో, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఆ రంగుల సంగతి ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."