స్కేలు మాస్టరు వంకర అంచు

కటింగ్ మాస్టరన్నవాడెవడైనా స్కేలు పెట్టి, సుద్దతో గీత గీసి, ఆ గీత మీద కత్తెర నడిపిస్తాడు. మన మాస్టరు అలా కాదు. సుద్దతో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెట్టుకుని, గుడ్డని అరచేత్తో ఒకసారి నిమిరి కత్తెర తోశాడంటే, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అంచు దారం లాగి పట్టుకున్నట్టు వచ్చేది. అందుకే వీధి వీధంతా ఆయన్ని స్కేలు మాస్టరు అనేది. ఆ పేరంటే ఆయనకి ఎంత మోజంటే, స్కేలు వదిలేసి ఉత్త మాస్టరుగారూ అని పిలిచినవాళ్ళ బట్టలకి ఎప్పుడూ ఒక వాయిదా ఎక్కువ పడేది.

దుకాణంలో కత్తిరించేది ఆయన, కుట్టేది ఆయన బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పని నేర్చుకుందామని వచ్చి కిటికీ పక్కన మిషను ముందు కూర్చున్నవాడు మళ్ళీ అక్కణ్ణించి లేవలేదు. ఒకరినొకరు దెప్పుకోకపోతే ఇద్దరికీ పొద్దు గడవదు. బావ కత్తిరించిన గుడ్డ కుట్టడానికి కళ్ళు అక్కర్లేదని బావమరిది అనేవాడు. కళ్ళు తెరిచి కుట్టినట్టు నాకెన్నడూ అనిపించలేదులే అని బావ అనేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయినా కాసేపు అక్కడే కూర్చునేవాళ్ళు.

బావమరిదిలో ఒక వింత ఉంది. రోజంతా సూదితో బతికే ఆ మనిషి, ఇంజెక్షను సూది కనిపిస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. మాస్టరుకి రెండు కిడ్నీలూ చెడిపోయి, వారంలో సగం పూటలు ఆసుపత్రిలో డయాలసిస్ మిషనుకి అతుక్కుని ఉండాల్సి వచ్చినప్పుడు, తోడు వెళ్ళిన బావమరిదినే రెండుసార్లు మంచం మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. నర్సులు వీళ్ళలో రోగి ఎవరని అడిగేవాళ్ళు.

కిడ్నీ తాను ఇస్తానని భార్య పట్టుబట్టింది గానీ, ఆవిడకున్న రక్తపోటుకి డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుని తిరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బావమరిది కాలరు కుడుతూ, తల కూడా ఎత్తకుండా, "నాది సరిపోయిందట బావా" అన్నాడు.

కాలరా అని అడిగాడు మాస్టరు.

"కిడ్నీ" అన్నాడు వాడు, దారం కొరుకుతూ.

ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, అన్నన్ని సూదులు పొడిపించుకుని, అన్ని పరీక్షలూ చేయించుకుని వచ్చాడన్నమాట. ఆ తర్వాత ఆసుపత్రి కమిటీవాళ్ళు వాణ్ణి కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతపెట్టారా, అసలు ఎందుకిస్తున్నావు అని గుచ్చి గుచ్చి అడిగారట. "మా బావ మంచాన పడితే నేను కటింగ్ చెయ్యాలండీ. నాకు కటింగ్ రాదు" అని చెప్పాడట. ఆ మాట విని కమిటీలో పెద్దాయన కూడా నవ్వాడని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. మాస్టరు మాత్రం నవ్వలేదు. ఆ పూట స్నానాల గదిలో కుళాయి తిప్పి చాలాసేపు బయటికి రాలేదు.

ఆపరేషను బాగా జరిగింది. బావమరిది ఆ కిడ్నీకి 'మనవాడు' అని పేరు పెట్టాడు. మనవాడికి నీళ్ళు పట్టావా బావా, మనవాడికి ఎండ తగలనిస్తున్నావా బావా అని రోజూ విచారించేవాడు. మనవాణ్ణి ఒంట్లో నిలబెట్టుకోవడానికి మాత్రలుండేవి. ఒంటికి సొంతం, పరాయి తేడా బాగా తెలుసు, పరాయిదని పసిగట్టిందంటే తరిమికొట్టేదాకా ఊరుకోదు, అలా తరమకుండా కాపలా కాసేవి ఈ మాత్రలే అని డాక్టరమ్మ చెప్పింది. పొద్దునా సాయంత్రం, పరగడుపున, వేళ తప్పకుండా, బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలి. కాపలావాళ్ళు కదా, ఊరికే ఉండరు. మొహం గుండ్రంగా ఉబ్బింది. లేని షుగరు వచ్చింది. జలుబు చేసినవాడు గుమ్మంలో కనిపిస్తే చాలు, భార్య ఈయన మూతికి మాస్కు తగిలించేది. అన్నిటినీ మాస్టరు నవ్వుతూ భరించాడు. ప్రతిదీ డాక్టరమ్మకి చెప్పాడు. ఒక్కటి తప్ప.

చెయ్యి వణుకుతోంది. మొదట టీ గ్లాసు దగ్గర కనిపించింది, తర్వాత కత్తెర దగ్గర. గుడ్డ అంచు సన్నగా అలలు పోతోంది. కొత్తవాళ్ళకి కనపడేంత కాదు గానీ, స్కేలు మాస్టరుకి కనపడకుండా ఉంటుందా? చూసుకున్న ప్రతిసారీ తల కొట్టేసినట్టయ్యేది. పైకి చెబితే నిజమైపోతుందని ఆయన భయం. ఒకటే ఊరట. బావమరిది ఏమీ అనలేదు, కుట్టిన బట్టలకి వంక పెట్టినవాళ్ళూ లేరు. తనకి కనిపించినంత ఘోరంగా లేదేమోలే అని సరిపెట్టుకున్నాడు.

అలా ఉండగా వయొలిన్ టీచరు చారల గుడ్డ తెచ్చింది. ముదురు నీలం మీద తెల్లటి సన్న చారలు. వాళ్ళమ్మ దాచుకున్న గుడ్డట, అలాంటిది ఇప్పుడు ఎక్కడా నేయడం లేదు. వేదిక మీద వేసుకోవడానికి పొడుగు కోటు కావాలంది. చారల గుడ్డ దగ్గర దొంగాటలు సాగవు. కత్తెర వెంట్రుకవాసి పక్కకి పోతే చారే వేలెత్తి చూపిస్తుంది. పోయిందంటే మళ్ళీ దొరకని గుడ్డ. "మీరైతేనే ఇస్తాను స్కేలు మాస్టరుగారూ" అంది ఆవిడ. ఆ ఒక్క మాటతో మాస్టరు బుద్ధి గడ్డి తింది.

అంతకుముందు ఒకసారి రక్తపరీక్ష కోసం పొద్దుటి మాత్ర ఆలస్యంగా వేసుకున్నప్పుడు, ఆ కాసేపూ చెయ్యి కుదురుగా ఉన్నట్టు ఆయనకి తోచింది. కాసేపు ఆలస్యమైతేనే అంత కుదురైతే, కొన్నాళ్ళు మానేస్తే? డాక్టరమ్మ ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్నదాన్ని మాస్టరు టీ తాగేలోపల తేల్చేశాడు. కోటు కత్తిరించడం అయ్యేదాకానే, తర్వాత బుద్ధిగా వేసుకుంటానని తనకి తానే మాటిచ్చుకున్నాడు. అలారం మోగేది, భార్య నీళ్ళు అందించేది, ఆయన మాత్రని బుగ్గన పెట్టుకుని గుటకలు వేసేవాడు. ఆవిడ అటు తిరగ్గానే రుమాల్లోకి ఉమ్మి, దుకాణానికి వచ్చి సుద్దల డబ్బాలో దాచేవాడు.

చెయ్యి నిజంగానే కుదుటపడింది. ఆ పొద్దున బావమరిది రాకముందే దుకాణం తెరిచి, చారల గుడ్డ పరిచి, నిమిరి, కత్తెర తోశాడు. చార పక్కనే చారంత తిన్నగా వెళ్ళింది కత్తెర. వీపు ముక్క, రెండు ముందు ముక్కలు. కోటు చేతులు ఇంకా మిగిలాయి. పాత రోజులు తిరిగొచ్చాయని మాస్టరుకి ఒళ్ళు పులకరించింది. బావమరిది రాగానే వీపు ముక్క వాడి చేతిలో పెట్టి, మెచ్చుకోలు కోసం మొహం చేటంత చేసుకుని నిలబడ్డాడు.

బావమరిది అంచు మీద చూపుడువేలు పెట్టి జరుపుకుంటూ పోయాడు. సగం దాకా వెళ్ళి ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి జరిపాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, మాత్రలు మానేశావా?"

ఏం మాటలురా అవి, అంచు ఎలా వచ్చిందో చూడమంటే అని కసిరాడు మాస్టరు.

"అంచే చూస్తున్నాను" అన్నాడు వాడు.

మిషను కింద సొరుగు లాగాడు. దాన్నిండా గుడ్డ పీలికలున్నాయి. తెల్లవి, నల్లవి, గళ్ళవి, ఒక్కోటి దారం కంటే కాస్త లావు. మాస్టరు వాటిని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. ఆపరేషను తర్వాత తాను కత్తిరించిన ప్రతి గుడ్డా ఉంది అందులో. పొద్దున్నే పరగడుపు మాత్ర వేసుకుని, గంటాగి, ఏదో తిని తాను దుకాణానికి వచ్చేలోపల, వీడు కూర్చుని ముందురోజు కోసిన అంచులన్నీ చిన్న కత్తెరతో సరిచేసి పెట్టేవాడు. ఒక్కనాడు కూడా ఆ సంగతి నోటి చివరికి రానివ్వలేదు. రోజుకి పదిసార్లు బావని ఆటపట్టించే మనిషి, ఆటపట్టించడానికి ఇంతకంటే మంచి సంగతి దొరకదని తెలిసి కూడా.

"నీ వంకర నాకు కంఠతా వచ్చు బావా. మాత్ర వేసుకున్న చెయ్యి ఎక్కడ అదురుతుందో, ఎక్కడ సర్దుకుంటుందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఇది ఆ చెయ్యి కాదు."

స్కేలు మాస్టరన్నవాడు వంకరగా కోస్తుంటే ఇక బతికి ఏం లాభంరా అన్నాడు మాస్టరు.

బావమరిది వీపు ముక్కని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "కమిటీవాళ్ళ దగ్గర నేను అబద్ధం చెప్పలేదు బావా. నాకు నిజంగానే కటింగ్ రాదు" అన్నాడు.

మాస్టరు సుద్దల డబ్బా మూత తీసి వాడి ముందుకి జరిపాడు.

దుకాణం మూసి అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళారు. రక్తపరీక్షలో కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే అంకె పైకి ఎగబాకి ఉంది. కిడ్నీ నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూసి, ఒళ్ళు మనవాణ్ణి తరమడం మొదలుపెట్టిందన్నారు. డాక్టరమ్మ కోప్పడి ఉంటే బాగుండేదని మాస్టరుకి అనిపించింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. చెయ్యి వణుకుతోందని ఒక్క ముక్క చెప్పి ఉంటే, మోతాదు చూసి తగ్గించడమో, మందు మార్చడమో ఏదో ఒకటి చేసేవాళ్ళమండీ, ఇప్పుడు తగ్గించే వీల్లేదు, పెంచాలి అంది. చెయ్యి ఇంకాస్త వణకొచ్చట.

చాలా రోజులు మందులు ఎక్కించారు. మొదటిసారి సూది గుచ్చడానికి వచ్చినప్పుడు నర్సు అలవాటుగా బావమరిదిని బయటికి వెళ్ళమంది. వాడు వెళ్ళలేదు. మంచం పట్టె పట్టుకుని, చెమటలు కారుతుంటే, సూది దిగేదాకా కళ్ళార్పకుండా చూశాడు. ఈ మనిషి ముందు తాను తిన్నని అంచు కోసం ఏడ్చాడా అని మాస్టరు సిగ్గుపడ్డాడు. భార్య అప్పట్నించీ ఆయన మాత్ర వేసుకోగానే "ఏదీ, నోరు తెరవండి" అనేది, నాలుక కింద కూడా చూసేది.

మనవాడు పూర్తిగా మునుపటంత కాలేదు. కొంత బలం పోయింది, పోయింది ఇక రాదు. మిగిలినదాన్ని జాగ్రత్తగా చూసుకుంటే చాలా కాలం నిలబడుతుందని డాక్టరమ్మ చెప్పింది.

దుకాణం తెరిచిన రోజు మాస్టరు వయొలిన్ టీచరుని పిలిపించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. కోటు చేతులు ఇంకా కత్తిరించాలమ్మా, నా చెయ్యి వణుకుతుంది, గుడ్డ తీసుకెళ్తానంటే ఏమీ అనుకోను అన్నాడు. ఆవిడ ఆయన వేళ్ళకేసి కాసేపు చూసింది. "తీగ మీద వేలు వణికించడం నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. మీకు ఊరికే వచ్చింది, అదృష్టం" అని నవ్వి, గుడ్డ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

బావమరిది కాగితంలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే స్కేలు. కొత్తది, ఇంకా ధర చీటీ కూడా ఊడలేదు. వీధిలో ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందిరా అన్నాడు మాస్టరు. పేరుకి తగ్గట్టు ఇప్పటికి ఒక స్కేలు కొన్నామనుకుంటారులే అన్నాడు వాడు.

మాస్టరు చార వెంబడి స్కేలు ఆన్చి, సుద్దతో గీత గీశాడు. కుట్టుకి ఎప్పుడూ వదిలేదానికంటే వేలెడు ఎక్కువ వదిలాడు. పొద్దున వేసుకున్న మాత్ర ఒంట్లో పని చేస్తోంది. కత్తెర పట్టుకుంటే చెయ్యి అదిరింది. గుడ్డ జరగకుండా బావమరిది అవతలి వైపు రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. మాస్టరు ఊపిరి బిగబట్టి కోశాడు. కత్తెర గీతకి అటో కొంచెం, ఇటో కొంచెం పోతూ, చివరికి ఎలాగో ఒడ్డు చేరింది. ఇంత వంకర అంచు ఆయన పని నేర్చుకునే రోజుల్లో కూడా కొయ్యలేదు. దాన్ని దాచుకోకుండా బావమరిది చేతికిచ్చాడు.

వాడు చూపుడువేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. ఒక్కో వంకర దగ్గరా వేలు ఆగింది, ఆగిన ప్రతిచోటా వాడి మొహం కాస్త కాస్త తేటపడింది. చివరికి వచ్చేసరికి కళ్ళు నిండాయి.

"మనవాడు బాగున్నాడు బావా" అని చిన్న కత్తెర అందుకున్నాడు.